చిరిగిన స్పీకరు డైరీ: కింక్స్ గిటార్ మోత హూ దాకా వెళ్ళిందా?

మొదటి స్పీకరు బ్లేడు తగిలిన నాలుగు నిమిషాలకే చచ్చిపోయింది. ఈ పని ఇంకెవరైనా మొదలుపెడితే వాళ్ళ తొలి నష్టం కూడా అక్కడే ఉంటుంది కాబట్టి నేనూ అక్కణ్ణుంచే రాస్తున్నాను.

తేల్చుకోవాలనుకున్నది ఇది. 1964 జులైలో లండన్‌లో కింక్స్ అనే బ్యాండు ‘యూ రియల్లీ గాట్ మీ’ రికార్డు చేసింది. గిటార్ వాయించిన డేవ్ డేవిస్‌కి అప్పటికి 17 ఏళ్ళు. తన చిన్న ఆకుపచ్చ ఎల్పికో ఆంప్‌లోని (ఆంప్ అంటే గిటార్ శబ్దాన్ని పెంచే పెట్టె) స్పీకరు కాగితాన్ని షేవింగ్ బ్లేడుతో కోసి, ఆ ఆంప్‌ని వాక్స్ ఏసీ 30 అనే పెద్ద ఆంప్‌కి కలిపాడు. పాట సెప్టెంబరుకల్లా బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. అది చేయించిన నిర్మాత షెల్ టాల్మీ. అదే టాల్మీ అదే ఏడాది నవంబరులో ద హూ బ్యాండుతో ‘ఐ కాంట్ ఎక్స్‌ప్లెయిన్’ రికార్డు చేయించాడు. 1965 జనవరిలో విడుదలై బ్రిటన్‌లో 8వ స్థానం దాకా వెళ్ళింది. కింక్స్‌ని చూసే ఆ పాట కట్టానని హూ గిటారిస్టు పీట్ టౌన్షెండ్ తర్వాత తనే ఒప్పుకున్నాడు.

ఒప్పుకున్నాడు సరే. ఏం తీసుకున్నాడు? ఆ గరగర మోతా? కార్డు (కలిపి మోగించే స్వరాల గుంపు) పట్టే పద్ధతా? కొట్టే తీరా? విని చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను ఆ మోతని ఇంట్లో తయారుచేసి, ఒక్కోటీ తీసేస్తూ ఏది పోతే పోలిక పోతుందో చూడాలనుకున్నాను. ఇల్లు విజయనగరంలో, గంటస్తంభానికి దగ్గర్లో. పని రాత్రి తొమ్మిది తర్వాతే. అంతకుముందు రోడ్డు మీది హారన్లన్నీ మైకులోకి వచ్చేస్తాయి.

స్టేజి 1: స్పీకరు కొయ్యడం (1 నుంచి 6 రోజులు)

మా మావయ్యకి ఒకప్పుడు మైక్ సెట్ ఉండేది. ఇప్పుడు మూడు లాంతర్ల కూడలి వైపు ఒక సందులో రిపేరు కొట్టు నడుపుతున్నాడు. పాత రేడియోల్లోంచి తీసిన ఆరంగుళాల కాగితం స్పీకర్లు మూడు ఇచ్చాడు. ఒక్కోటీ 120 రూపాయలు. మేనల్లుడని తగ్గించలేదు.

స్పీకరు 1. అంచు నుంచి నడిమి బొడిపె దాకా ఒకే గీతగా కోశాను. అదే తప్పు. కోత నడిమికి చేరేసరికి లోపలి కాయిల్ పక్కకి ఒరిగి అయస్కాంతాన్ని రాసుకోవడం మొదలైంది. రెండు నిమిషాలు కరకరమంది, తర్వాత ఏమీ లేదు. మల్టీమీటరులో ముందు 6.8 ఓమ్‌లు చూపించింది (8 ఓమ్‌ల స్పీకరు మీటరులో అలాగే తక్కువ చూపిస్తుంది, భయపడక్కర్లేదు). ఇప్పుడు పూర్తిగా ఓపెన్, అంటే లోపల తీగ తెగిపోయింది. పట్టుకెళ్ళి చూపిస్తే మావయ్య ఒకే మాటన్నాడు:

“ఏట్రా, బాగున్న స్పీకరుకి బ్లేడెట్టి కోసేత్తావా? జనం చిరిగింది అతికించమని నా దగ్గరికొస్తారు.”

నిజమే. ముప్పై ఏళ్ళుగా ఆయన బతుకంతా ఈ బర్రుమనే మోతని పోగొట్టడమే. పండగల్లో మైకు బర్రుమంటే డబ్బులు కోసేవాళ్ళట.

స్పీకరు 2. ఈసారి నడిమికి రెండు సెంటీమీటర్లు, బయటి అంచుకి ఒక సెంటీమీటరు వదిలి, మధ్యలో మూడు కోతలు. ఒక్కోటి రెండు సెంటీమీటర్లు. బ్రహ్మాండంగా పలికింది. మర్నాడు సాయంత్రం వాన. రాత్రి పెడితే మోత లేదు, మామూలు స్పీకరులా శుభ్రంగా పాడుతోంది. చెమ్మకి కాగితం మెత్తబడి కోత పెదవులు రెండూ మూసుకుపోయాయి. 60 వాట్ల బల్బు కింద ఇరవై నిమిషాలు పెడితే గరగర తిరిగొచ్చింది. డప్పు కొట్టేవాళ్ళు వాయించే ముందు మంట దగ్గర కాచుకోవడం చిన్నప్పట్నుంచీ చూస్తున్నా, రాక్ గిటార్‌కీ అదే అవస్థ అనుకోలేదు. అప్పట్నుంచి ప్రతి రికార్డింగుకీ ముందు బల్బు.

కొయ్యాలనుకునేవాళ్ళకి:

1. మీటరుతో ఓమ్‌లు చూసి రాసుకోండి.
2. పెన్సిల్‌తో గీత గీయండి. నడిమికి కనీసం రెండు సెంటీమీటర్లు దూరం.
3. కొత్త బ్లేడు వాడండి. పాత బ్లేడు కాగితాన్ని లాగి చింపుతుంది, కొయ్యదు.
4. ఒక కోత కోసి వినండి. చాలకపోతేనే రెండోది.
5. కోశాక కాగితాన్ని రెండు వేళ్ళతో మెల్లగా నొక్కి చూడండి. లోపల గీసుకున్నట్టుంటే ఆ స్పీకరు అయిపోయినట్టే.

మూడో స్పీకరుని కొయ్యకుండా పోల్చడానికి ఉంచాను.

ఇప్పటికి ఖర్చు: స్పీకర్లు 360, బ్లేడ్లు 20. మొత్తం 380 రూపాయలు. గంటలు: 6.

స్టేజి 2: చిన్న ఆంప్ (7 నుంచి 13 రోజులు)

చేతిలో ఉందికదా అని 80 రూపాయల పామ్ 8403 అనే చిన్న ఆంప్ బోర్డుతో మొదలుపెట్టాను. ఐదు వోల్టులు చాలు, బొటనవేలంత ఉంటుంది. స్పీకరు బాగానే మోగింది. దాని స్పీకరు తీగల్ని రెండో ఆంప్ ఇన్‌పుట్‌కి కలిపిన క్షణంలో చిన్న పొగ.

కారణం తర్వాత తెలిసింది. ఈ బోర్డులో స్పీకరు రెండు తీగలూ ‘వేడి’ తీగలే, ఏదీ గ్రౌండు కాదు. రెండో ఆంప్ జాక్ బయటి భాగం గ్రౌండు. మైనస్ అనుకున్న తీగని అక్కడ తగిలిస్తే ఔట్‌పుట్‌ని నేరుగా షార్ట్ చేసినట్టే. స్పీకరు మైనస్‌కీ బోర్డు గ్రౌండుకీ మధ్య మీటరు పెట్టి బీప్ వస్తేనే ముందుకెళ్ళండి. బీప్ రాకపోతే ఆ బోర్డు ఈ పనికి పనికిరాదు.

తర్వాత టీడీఏ 2030 బోర్డు, 12 వోల్టుల అడాప్టరు. ఇందులో మైనస్ గ్రౌండే. కానీ గిటార్ పెడితే దుప్పటి కప్పినట్టు మూసుకుపోయిన శబ్దం. రెండు రాత్రులు స్పీకరునీ, కోతనీ అనుమానించాను. అసలు దొంగ బోర్డు మీది వాల్యూమ్ పాట్ (శబ్దం పెంచే తిప్పుడు మీట), దాని విలువ 50 కిలో ఓమ్‌లు. గిటార్ పికప్‌కి (తీగల కదలికని కరెంటుగా మార్చే భాగానికి) ఎదురుగా ఒక మెగా ఓమ్ దాకా ఉండాలి. తక్కువుంటే పైస్థాయి అంతా అక్కడే చచ్చిపోతుంది.

మధ్యలో ఒక చిన్న ప్రీఆంప్, అంటే ఆంప్‌కి ముందు సిగ్నల్ని కాస్త పెంచేది, కావాలి. టీఎల్ 072 చిప్పు అడిగితే కొట్టులో లేదు, 4558 ఉందన్నారు. మన దగ్గర మైక్ సెట్ బోర్డులన్నిట్లోనూ ఉండేది అదే. పని చేసింది.

1. గిటార్ నుంచి 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు గుండా 4558 ప్లస్ ఇన్‌పుట్‌కి.
2. ఆ ఇన్‌పుట్‌ని ఒక మెగా ఓమ్‌తో సగం వోల్టేజీకి (రెండు 100 కిలో ఓమ్‌లతో చేసిన నడిమి బిందువుకి) కట్టండి.
3. ఔట్‌పుట్ నుంచి మైనస్ ఇన్‌పుట్‌కి 100 కిలో ఓమ్‌లు, అక్కణ్ణుంచి 10 కిలో ఓమ్‌లూ, ఒక మైక్రోఫారడ్ కెపాసిటరూ గ్రౌండుకి. పదకొండు రెట్ల గెయిన్ (పెంపు) వస్తుంది.
4. ఔట్‌పుట్ నుంచి ఇంకో కెపాసిటరు గుండా టీడీఏ బోర్డుకి.

కిట్ ఆసిలోస్కోపులో (తరంగాన్ని తెర మీద చూపే పరికరంలో) చూస్తే గట్టిగా కొట్టినప్పుడు గిటార్ నుంచి 0.3 వోల్టుల దాకా వస్తోంది. స్పీకరు దగ్గర తరంగం నాలుగున్నర వోల్టులకి తల తెగి చదునుగా ఉంది. బోర్డుకిచ్చిన 12 వోల్టుల్లో అంతకు మించి పైకి లేవలేదు, మిగతాది నరికేస్తోంది. మనం వెతుకుతున్న మోతలో పెద్ద వాటా ఈ నరుకుడుదే. బ్లేడుతో సంబంధం లేదు. ఇది స్టేజి 4లో మళ్ళీ వస్తుంది.

ఇప్పటికి ఖర్చు: కాలిపోయిన బోర్డు 80, టీడీఏ బోర్డు 110, అడాప్టరు 200, 4558, చిల్లర సామాను 75, జాక్‌లు 75. స్టేజి 1తో కలిపి 920 రూపాయలు. గంటలు: 17.

స్టేజి 3: చిన్నదాన్ని పెద్దదానికి కలపడం (14 నుంచి 17 రోజులు)

ఏసీ 30 నాకెక్కడ దొరుకుతుంది? 20 వాట్ల ప్రాక్టీసు ఆంప్ ఉంది, దానితోనే సరిపెట్టుకున్నాను.

నాలుగున్నర వోల్టుల్ని నేరుగా ఇన్‌పుట్‌కి ఇవ్వకండి. 10 కిలో ఓమ్‌లు వరసలో, ఒక కిలో ఓమ్ గ్రౌండుకి పెడితే పదకొండో వంతు, అంటే 0.4 వోల్టులు వస్తుంది. గట్టిగా కొట్టిన గిటార్‌కి కొంచెం పైన. రెండో ఆంప్ కూడా అంచున ఉండి, తన వంతుగా ఇంకాస్త నరుకుతుంది.

ఇక్కడ నా తెలివితక్కువతనం ఒకటి రాయాలి. మూల స్వరానికి ఐదో స్వరం ఒక్కటే కలిపిన పవర్ కార్డు వాయిస్తే, రెండు స్వరాల మధ్య తేడా అంత కింది స్వరం ఒకటి పుట్టాలి. జీ కార్డులో 98 హెర్ట్జ్, 146.8 హెర్ట్జ్ ఉంటాయి. తేడా దాదాపు 49. రికార్డు చేసి ల్యాప్‌టాప్‌లో స్పెక్ట్రమ్ (ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత శబ్దం ఉందో చూపే గ్రాఫు) చూస్తే సరిగ్గా అక్కడే పెద్ద శిఖరం! రాత్రి పదకొండింటికి మావయ్యకి ఫోన్ చేశాను. ఆయన నిద్రమత్తులోనే, “గిటార్ ఒగ్గీసి రికార్డు చేసి సూడు” అన్నాడు. చేశాను. ఎవరూ వాయించకపోయినా శిఖరం అక్కడే ఉంది. అది మన గోడలోని కరెంటు, 50 హెర్ట్జ్ హమ్మింగ్.

మార్పులు:

1. అడాప్టరు తీసేసి మావయ్య దగ్గరున్న 12 వోల్టుల బ్యాటరీ పెట్టాను. హమ్మింగ్ దాదాపు పోయింది.
2. స్పెక్ట్రమ్ సైజు 2048 నుంచి 16384కి పెంచాను. ముందు ఒక్కో గడి 21 హెర్ట్జ్‌ల పైన, ఇప్పుడు 2.7.
3. జీ బదులు ‘ఏ’ అనే కార్డు. 110, 164.8. తేడా 55కి దగ్గర. కరెంటు 50తో కలవదు.

ఈసారి 55 దగ్గర వచ్చింది. గిటార్ తీసేస్తే పోయింది. అప్పుడు నమ్మాను.

ఇప్పటికి ఖర్చు: షీల్డు వైరు 60, రెసిస్టర్లు 5, తొమ్మిది వోల్టుల బ్యాటరీ 40 కలిపి 1,025 రూపాయలు. గంటలు: 22.

స్టేజి 4: కోత వల్ల ఏం మారింది (18 నుంచి 25 రోజులు)

ఎక్కువ కాలం తిన్నది ఈ స్టేజే, ఎక్కువ నేర్పింది కూడా.

మొదట ఫోనుతో పన్నెండు రికార్డింగులు చేశాను. అన్నీ పారేశాను. ఫోను మైకు గట్టి శబ్దాన్ని తనే తగ్గించేస్తుంది, మెల్లటిదాన్ని తనే పెంచేస్తుంది. కోసిన స్పీకరూ, కొయ్యనిదీ ఒకేలా వినిపించాయి. తర్వాత మావయ్య పాత మైకు ఒకటి, 250 రూపాయల యూఎస్‌బీ సౌండ్ కార్డు. స్పీకరు నుంచి మైకు 20 సెంటీమీటర్లు, నేల మీద సుద్దముక్కతో గీత. మా ఆవిడ తుడిచినప్పుడల్లా మళ్ళీ గీయడం.

రెండో తప్పు: ప్రతిసారీ చేత్తో వాయించడం. నా చెయ్యి ప్రతిసారీ మారుతుంది. అందుకే రిఫ్‌ని (పాటలో తిరిగి తిరిగి వచ్చే చిన్న గిటార్ ముక్కని) ఒక్కసారి శుభ్రంగా ల్యాప్‌టాప్‌లోకి వాయించి, అదే రికార్డింగుని గిటార్ స్థాయికి తగ్గించి మళ్ళీ మళ్ళీ చిన్న ఆంప్‌లోకి పంపాను. అప్పుడు మారేది స్పీకరు ఒక్కటే.

రెండు చోట్ల కొలిచాను. ఒకటి స్పీకరు తీగల దగ్గర, అంటే పెద్ద ఆంప్‌కి వెళ్ళేది. రెండోది గాలిలో, మైకుతో.

– తీగల దగ్గర: కోసిన స్పీకరుకీ కొయ్యనిదానికీ తేడా ఎక్కడా అర డెసిబెల్ దాటలేదు.
– మైకు దగ్గర: 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ మధ్య కోసినది 9 డెసిబెల్స్ ఎక్కువ. చెవికి గాజుపెంకులు కలిపి విదిలించినట్టు.

మళ్ళీ చేశాను. మళ్ళీ అదే.

ఆలోచిస్తే ఇందులో వింతేం లేదు. స్పీకరు చిరగడమనేది గాలిలో జరిగే సంగతి. తీగలోని కరెంటుకి కాగితం చిరిగిందో లేదో పెద్దగా తెలీదు. చిన్న ఆంప్‌ని తీగతో పెద్దదానికి కలిపితే దాటి వెళ్ళేది చిన్న ఆంప్ నరుకుడే, బ్లేడు గాట్లు కావు. గాట్లు వినిపించాలంటే చిన్న స్పీకరు కూడా గదిలో మోగాలి, మైకు దాన్ని పట్టాలి.

నా బోర్డు ట్రాన్సిస్టర్లది, స్పీకరుని గట్టి పట్టు పట్టి ఆడిస్తుంది. వాల్వు ఆంప్ పట్టు అంత బిగువు కాదు. కాగితం కదలిక కొంత వెనక్కి వచ్చి తీగలో కలుస్తుంది. కాబట్టి ఎల్పికోలో బ్లేడు ప్రభావం నా కొలతకంటే ఎక్కువే ఉంటుంది. అయినా నా తీర్పు ఒకటే: ఆ కథలో బ్లేడుకి దక్కిన పేరులో సగం ఆ చిన్న ఆంప్‌కి దక్కాలి. బ్లేడు కథ చెప్పుకోడానికి బాగుంటుంది కాబట్టి నిలబడిపోయింది.

పక్కింటి అమ్మాయి మ్యూజిక్ కాలేజీలో వీణ నేర్చుకుంటోంది. 1919లో పెట్టిన కాలేజీ, ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్. ఆ అమ్మాయి గోడ మీంచి వింటూ, “అన్నయ్యా, ఇది మా తంబురాకి జీవా పెట్టినట్టుంది కదా?” అంది. తంబురా గుర్రం (తీగలు ఆనే బ్రిడ్జి) మీద తీగ కింద నూలుపోగు సర్దితే జుమ్మని జీరగా పలుకుతుంది, ఆ జీర లేకపోతే తంబురా మూగది. మోతని పాడుచేసి అందం తెచ్చుకోవడం మనకి కొత్తేం కాదు. తంబురాలో పోగుని వెనక్కి జరపొచ్చు, నా స్పీకరులో కోతని జరపలేను. అంతే తేడా.

ఇప్పటికి ఖర్చు: 1,275 రూపాయలు. గంటలు: 29.

స్టేజి 5: రెండు స్వరాలా, మూడా (26 నుంచి 28 రోజులు)

ఈ స్టేజి త్వరగా అయింది. ‘యూ రియల్లీ గాట్ మీ’ రిఫ్ ఎఫ్, జీ కార్డుల మధ్య ఊగుతుంది. తర్వాత అదే ఆకారం జీ, ‘ఏ’లకి ఎక్కుతుంది, ఆపైన సీ, డీలకి. చిన్న ఆంప్, పెద్ద ఆంప్ గొలుసు అంతా పెట్టి పవర్ కార్డుతో వాయిస్తే, రెండు స్వరాలూ ఒక లావుపాటి గొంతై నిలబడ్డాయి.

అదే ‘ఏ’ కార్డుని మూడో స్వరం కలిపి నిండుగా వాయిస్తే బురద. లెక్క చూడండి: 110, 138.6, 164.8. నరుకుడులో కొత్త స్వరాలు పుడతాయి. 138.6ని రెట్టించి 164.8 తీసేస్తే 112.4. ఇది అసలు స్వరమైన 110 పక్కనే కూచుంటుంది, రెండూ కొట్టుకుని సెకనుకి రెండుసార్లకి పైగా ఊగుతాయి. పవర్ కార్డులో అలా కాదు. 110ని రెట్టించి 164.8 తీసేస్తే 55.2, అంటే అదే స్వరం ఒక స్థాయి కింద. అందుకే మోత ఎక్కువైనకొద్దీ మూడో స్వరాన్ని వదిలెయ్యాలి.

ఖర్చు లేదు. గంటలు: 33.

స్టేజి 6: హూ వైపు (29 నుంచి 36 రోజులు)

‘ఐ కాంట్ ఎక్స్‌ప్లెయిన్’ రిఫ్‌లో కార్డులు వరసగా ‘ఈ’, ‘డీ’, ‘ఏ’, ‘ఈ’. టౌన్షెండ్ చేతిలో పన్నెండు తీగల రికెన్‌బాకర్. మొదటి పని, కింక్స్ కోసం కట్టిన గొలుసంతా అలాగే ఉంచి ఈ రిఫ్ వాయించడం. నిండు కార్డులు పట్టాను. ముందు స్టేజిలో చెప్పిన బురదే. పాట ఎక్కడుందో నాకే తెలీలేదు.

గెయిన్ మూడు మెట్లలో తగ్గించాను. పదకొండు రెట్ల దగ్గర బురద. 100 కిలో ఓమ్‌లు తీసి 47 పెడితే అయిదున్నర దాకా వచ్చి, కార్డులు విడివిడిగా వినిపించాయి, కానీ ముతకగానే. చిన్న ఆంప్‌ని పూర్తిగా పక్కన పెట్టి గిటార్‌ని నేరుగా ప్రాక్టీసు ఆంప్‌కి ఇస్తేనే పాట పాటలా వినిపించింది. అంటే కష్టపడి కట్టినదంతా ఇక్కడ అడ్డం. కొంచెం బాధేసింది, అబద్ధమెందుకు.

పన్నెండు తీగల గిటార్ లేదు కాబట్టి స్నేహితుడి గిటార్ అరువు తెచ్చి, పన్నెండు తీగల సెట్టులోని సన్న తీగలు మాత్రం వేశాను. కింది నాలుగు తీగలూ ఒక స్థాయి పైన పలుకుతాయి. మామూలు గిటార్‌తో ఒకసారి, దీనితో ఒకసారి వాయించి రెండూ కలిపితే పన్నెండు తీగల గణగణ వస్తుంది. పైస్థాయి జీ తీగ బిగిస్తుంటే ఫట్‌మని తెగి చేతికి గీసుకుంది. 392 హెర్ట్జ్ దాకా లాగాలి, సెట్టులో అన్నిటికంటే ముందు తెగేది అదేనట. రెండోది కొని, రోజుకి కాస్త చొప్పున మూడు రోజులు బిగించాను.

ఆ గణగణ వచ్చాక సంగతి ఇంకా స్పష్టమైంది. డేవిస్ మోతకీ దీనికీ చుట్టరికం లేదు. ఒకటి రంపం, ఒకటి గంట. మరి వింటున్నప్పుడు రెండూ ఒక ఇంటివే అనిపించేది దేనివల్ల?

పాటలు రెంటినీ తాళం వేసి లెక్కపెట్టాను. నిమిషానికి 140కి అటూ ఇటూగా రెండూ దగ్గర్లోనే ఉన్నాయి. రెండూ రెండు నిమిషాలకి కొంచెం పైన ముగిసేవే. రెంటిలోనూ గిటార్ ఒక్కటే ముందొచ్చి, పాడేవాడి కోసం ఎదురుచూడకుండా రిఫ్‌ని పరిచేస్తుంది. కార్డు పట్టి కొట్టి, అరచేత్తో ఆపి, మళ్ళీ కొట్టడం. రిఫే పల్లవిలా తిరిగి తిరిగి వస్తుంది. అంతకుముందు గిటార్ పాటకి తోడు, ఇక్కడ పాటే గిటార్‌కి తోడు.

నా కుడిచెయ్యి దీన్ని ముందే పట్టేసింది. కింక్స్ రిఫ్ వారం రోజులు వాయించాక హూ రిఫ్‌కి మణికట్టు మార్చుకోవాల్సిన పని రాలేదు. ఎడమచెయ్యి మాత్రం అంతా మార్చుకోవాలి.

ఇప్పటికి ఖర్చు: తీగల సెట్టు 350, విడి తీగ 60. మొత్తం 1,685 రూపాయలు. గంటలు: 41.

స్టేజి 7: వినిపించడం (37 నుంచి 40 రోజులు)

నా చెవిని నేను నమ్మను, నేను కట్టింది కాబట్టి. ఐదుగురిని కూచోబెట్టాను: మావయ్య, పక్కింటి అమ్మాయి, గిటార్ అరువిచ్చిన స్నేహితుడు, మా ఆవిడ, చర్చిలో కీబోర్డు వాయించే కుర్రాడు. రెండు జతలు తయారుచేశాను.

1. జత ఒకటి: మోత ఒకటే, కొట్టే తీరు వేరు. కింక్స్ రిఫ్ గరగరతో, తర్వాత హూ కార్డుల్ని అదే గరగరతో సాగదీసి, ఆపకుండా.
2. జత రెండు: మోత వేరు, కొట్టే తీరు ఒకటే. కింక్స్ గరగరతో, హూ గణగణతో, రెండూ కొట్టి ఆపుతూ.

ఏ జత దగ్గరి చుట్టాల్లా ఉందని అడిగాను. నలుగురు రెండోది అన్నారు. మొదటిది అన్నది గిటార్ స్నేహితుడొక్కడే. అతను మోత కోసమే బతుకుతాడు, మోత మార్చే పెడల్స్ మీద పెట్టినంత డబ్బు ఇంటద్దె మీద పెట్టడు. ఐదుగురితో ఏదీ రుజువు కాదు, ఇంకా పెద్దగా చేసేవాళ్ళు చెయ్యండి.

మావయ్యకి రాక్ అంటే తెలీదు. కళ్ళు మూసుకుని విని, “గొంతు ఏరు గానీ నడక ఒకటేరా” అన్నాడు. నేను నలభై రోజులు కొలిచిన దానికి అదే మాట.

ఒక అడ్డు మాత్రం ఉంది, దాన్ని దాచను. స్పీకరుని పాడుచేసినవాళ్ళలో డేవిస్ మొదటివాడు కాదు. అమెరికాలో లింక్ రే 1958లో ‘రంబుల్’ కోసం పెన్సిల్‌తో ఆంప్ స్పీకరుకి చిల్లులు పొడిచాడు. మాటల్లేని ఆ పాటని కొన్ని రేడియో స్టేషన్లు ఆపేశాయి కూడా. లావు కార్డుని కొట్టి వదిలే పద్ధతి అందులోనే ఉంది. టౌన్షెండ్ లింక్ రేని తన గురువుల్లో లెక్కేస్తాడు. అంటే కొట్టుడు తనకి కింక్స్ నుంచి వచ్చిందా, పాత తాత దగ్గర్నుంచి నేరుగా వచ్చిందా అనేది ఈ బోర్డులతో తేలదు. ‘రంబుల్’ మెల్లగా, బరువుగా అడుగులేస్తుంది. కింక్స్, హూ పాటల పరుగు అందులో లేదు. అందుకే ఆ నడక వరకూ కింక్స్‌దే అంటాను. టాల్మీ అనే మనిషి రెండు పాటల్లోనూ ఉన్నాడు, రెండోదానికి జిమ్మీ పేజ్ అనే గిటారిస్టుని కూడా పిలిచి కూచోబెట్టాడు. పోలికలో కొంత వాటా నిర్మాతదే.

పెన్సిల్ పద్ధతీ చూడాలని, కొయ్యకుండా ఉంచిన మూడో స్పీకరుకి ఐదు చిల్లులు పొడిచాను. బ్లేడుకి వచ్చిన 9 డెసిబెల్స్‌కి బదులు 3 మాత్రమే. గరగర కాదు, చలికి పళ్ళ సందులోంచి ఊదినట్టు సన్నగా బుస్సు. తర్వాత గుర్తొచ్చింది, పోల్చుకోడానికి బాగున్న స్పీకరు ఇక ఒక్కటీ లేదు. మీరు చేస్తే నాలుగు కొనుక్కోండి.

మిగిలింది వాల్వు పని. స్టేజి 4లో రాసిన ఆ ‘వెనక్కి వచ్చే’ సంగతి కొలవాలి. ఆదివారం మావయ్య పాత వాల్వు రేడియో ఒకటి తెస్తానన్నాడు. లోపల 200 వోల్టుల పైనే ఉంటాయి, స్విచ్ ఆపినా కెపాసిటర్లలో కాసేపు నిలవుంటాయి. వెనక మూత ఆయనే విప్పుతాడు. నన్ను ఎడమచెయ్యి జేబులో పెట్టుకుని కూచోమన్నాడు.